ఖర్చు ఎవరు మోశారు?



ఈ పూట పుస్తకాల గురించి మాట్లాడుకుందాం. కష్టంలోంచి లేచినవాళ్ళు రాసుకున్న పుస్తకాలు. భయపడుతూనే నిజం పక్కన నిలబడ్డవాళ్ళ కథలు. ఒకలా బతుకుతూ బతుకుతూ, ఒక రోజున ఇంకోలా మారిపోయినవాళ్ళ జీవితాలు. మీరు కోలారులో వింటూ ఉండొచ్చు. ముళబాగిలులోనో, శ్రీనివాసపురంలోనో, చింతామణిలోనో ఉండొచ్చు. కేజీఎఫ్‌లో రాబర్ట్‌సన్‌పేటలోనో, మారికుప్పంలోనో ఉండొచ్చు. ఇలాంటి పుస్తకం మీ ఇంట్లో ఒకటైనా ఉండే ఉంటుంది. పిల్లవాడికి బడిలో బహుమతిగా వచ్చి ఉంటుంది. లేకపోతే ఎవరో పెళ్ళికి ఇచ్చి ఉంటారు.

చదువుతాం. చదువుతున్నంతసేపూ ఒళ్ళు పులకరిస్తుంది. పుస్తకం మూస్తాం. మర్నాడు మళ్ళీ మామూలే. ఎందుకిలా అవుతోంది?

నాకు తోచిన కారణం చెప్తాను. పుస్తకంలోని మనిషి గెలిచాడని మనకు ముందే తెలుసు. అట్ట మీద ఆయన ఫోటో ఉంది. ఫోటో వెనక బిరుదులు ఉన్నాయి. రెండోసారి చూసే సినిమాలో హీరో మీదికి కత్తి లేస్తే మన గుండె ఝల్లుమనదు. ఆ పుస్తకాన్నీ అలాగే చదువుతాం. కానీ ఆ రోజున ఆయనకు ఏమీ తెలియదు. తను గెలుస్తానో, వీధిన పడతానో తెలియదు. ఆ తెలియనితనమే ఆయన ధైర్యానికి విలువ. దాన్ని మనం చదవకుండా దాటేస్తున్నాం.

అందుకే ఒక పని చెప్తాను. ప్రసంగం అయ్యేలోపు మళ్ళీ మళ్ళీ గుర్తు చేస్తాను. ఇలాంటి పుస్తకం చదువుతున్నప్పుడు, ఆ మనిషి ఇంకా ఏ నిర్ణయానికీ రాని పేజీ దగ్గర ఆగండి. పేజీ తిప్పకండి. ఆగి రెండు ప్రశ్నలు వేసుకోండి. ఈ పని చేస్తే అయ్యే ఖర్చు ఏమిటి? ఆ ఖర్చు ఎవరు మోస్తారు?

అంతే. ఆ తర్వాతే పేజీ తిప్పండి.

గాంధీగారి ఆత్మకథ చాలామంది ఇళ్ళలో ఉంటుంది. 1893లో దక్షిణాఫ్రికాలో మారిట్జ్‌బర్గ్ స్టేషన్‌లో ఆయన్ను రైలు పెట్టెలోంచి తోసేసిన ఘట్టం మీకు తెలుసు. అందరికీ ఆ తోసెయ్యడమే గుర్తుంటుంది. కానీ అసలు పేజీ దాని తర్వాతది. చలి. కోటు సామాన్లలో ఉంది. అడిగితే మళ్ళీ అవమానిస్తారేమోనని అడగలేదు. వెయిటింగ్ రూములో వణుకుతూ కూర్చున్నాడు. ఇండియాకు తిరిగి వెళ్ళిపోదామా అనుకున్నాడు. అవమానాలు పట్టించుకోకుండా తను వచ్చిన కేసు పని ముగించుకుని పోదామా అనుకున్నాడు. లేకపోతే ఇక్కడే ఉండి పోరాడాలా అనుకున్నాడు. ఆ రాత్రి ఆయన మహాత్ముడు కాదు. ఇరవై మూడేళ్ళ కుర్రవాడు. అక్కడ ఆగండి. మన ఇంటి కుర్రవాడే అయితే మనం ఏం చెప్పేవాళ్ళం? తిరిగి వచ్చెయ్ నాయనా అని చెప్పేవాళ్ళం కాదా?

ఇప్పుడు మన జిల్లాకు వద్దాం. గౌరీబిదనూరు తాలూకాలో హోసూరు అనే ఊరుంది. ఇప్పుడది చిక్కబళ్ళాపురం జిల్లా. 2007 దాకా అదంతా కోలారు జిల్లానే. ఆ ఊళ్ళో 1920 జూన్ 6న ఒక పేదింట్లో ఒక పిల్లవాడు పుట్టాడు. పేరు నరసింహయ్య. తర్వాత కర్ణాటకమంతా హెచ్. నరసింహయ్యగా ఎరిగిన మనిషి. ఆయన కన్నడంలో రాసుకున్న ఆత్మకథ పేరు 'హోరాటద హాది'.

ఆ ఊళ్ళో హైస్కూలు లేదు. చదువు ఆగిపోయింది. బెంగళూరు వెళ్తే చదువుకోవచ్చు. బస్సుకు డబ్బుల్లేవు. పిల్లవాడు నడిచి వెళ్ళాడు. హోసూరు నుంచి బెంగళూరుకు దాదాపు 80 కిలోమీటర్లు. నడిచి వెళ్ళి బసవనగుడిలో నేషనల్ హైస్కూల్లో చేరాడు.

ఈ కథ ఎక్కడ చెప్పినా ఆ నడక గురించే చెప్తారు. నిజమే, గొప్ప నడక. కానీ మనం ఒక రోజు ముందు ఆగాలి కదా. అతను ఇంకా ఇంట్లోనే ఉన్నాడు. ఇంట్లో పేదరికం. పదిహేనేళ్ళ మగపిల్లవాడంటే పొలంలో ఒక జత చేతులు. పశువులు తోలుకెళ్ళేవాడు. కూలికి పోతే నాలుగు డబ్బులు తెచ్చేవాడు. వాణ్ణి పంపించెయ్యాలి. మళ్ళీ ఎప్పుడొస్తాడో తెలియదు. అక్కడ ఎవరు అన్నం పెడతారో తెలియదు. చదువు వస్తుందో రాదో తెలియదు. ఆ నడక ఖర్చు ఎవరు మోశారు? నడిచినవాడు రోడ్డు మీద మోశాడు. ఇంట్లోవాళ్ళు ఏళ్ళ తరబడి మోశారు. సరే వెళ్ళు అని అన్నారు చూడండి, ఆ మాట దగ్గర మనం ఆగాలి.

తర్వాత 1936. గాంధీగారు మన నంది కొండ మీద విశ్రాంతికి వచ్చిన ఏడు అది. బెంగళూరులో ఆ బడికి కూడా వచ్చారు. హిందీలో మాట్లాడారు. ఆ మాటల్ని కన్నడంలో చెప్పే పని ఈ కుర్రవాడికి వచ్చింది. అప్పటి నుంచి చివరిదాకా ఖాదీ వదల్లేదు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమం వచ్చింది. చదువు మధ్యలో వదిలేసి జైలుకు వెళ్ళాడు.

ఇక్కడ ఇంకోసారి ఆగండి. అంత దూరం నడిచి సంపాదించుకున్న చదువు అది. ఇంట్లోవాళ్ళు కడుపు మాడ్చుకుని పంపిన చదువు. దాన్ని పక్కన పెట్టి జైలుకు వెళ్ళడం సులభమైన పనా? తప్పా, ఒప్పా? మీ ఇంట్లో ఇద్దరు ఈ పుస్తకం చదివితే ఇక్కడ వాదించుకోవాలి. వాదించుకోండి. నేనైతే ఆ వయసులో వెళ్ళేవాణ్ణని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పలేను.

ఆయన తిరిగి వచ్చి 1946లో ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ పూర్తి చేశాడు. నేషనల్ కాలేజీలో లెక్చరర్ అయ్యాడు. అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో న్యూక్లియర్ ఫిజిక్స్ చదివి 1960లో డాక్టరేట్ తెచ్చుకున్నాడు. మళ్ళీ నేషనల్ కాలేజీకే వచ్చాడు. 1962లో బెంగళూరు సైన్స్ ఫోరం పెట్టాడు. గౌరీబిదనూరులో, బాగేపల్లిలో నేషనల్ కాలేజీలు వచ్చాయంటే ఆయన చలవే. బాగేపల్లి అంటే మన తెలుగు మాట వినపడే తాలూకా. అక్కడి పిల్లలు కాలేజీ కోసం బెంగళూరు దాకా నడవక్కర్లేకుండా చేసినవాడు, ఒకప్పుడు నడిచి వెళ్ళిన ఆ పిల్లవాడే.

1972లో బెంగళూరు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. కాలేజీ హాస్టల్లో ఒక చిన్న గదిలో దశాబ్దాల పాటు ఉన్నారు. 1976లో మహిమలనూ మూఢనమ్మకాలనూ పరిశీలించడానికి విశ్వవిద్యాలయం తరఫున ఒక కమిటీ వేశారు. దానికి ఆయనే అధ్యక్షుడు. పుట్టపర్తి సత్యసాయిబాబా గారికి కూడా, మీ మహిమలను పరిశీలించనివ్వండి అని కమిటీ లేఖలు రాసింది. జవాబు రాలేదు. దేశమంతా పెద్ద చర్చ జరిగింది.

మీలో బాబాగారి భక్తులు ఉంటారు. పుట్టపర్తి మనకు ఎంతో దూరం కాదు. మీ భక్తిని మార్చుకోమని నేను చెప్పడం లేదు. నేను చెప్పేది ఆ లేఖ గురించి. వైస్ ఛాన్సలర్ పదవిలో ఉన్నవాడికి ఆ లేఖ రాయాల్సిన అవసరం లేదు. రాయకపోతే ఏ గొడవా లేదు. పెద్ద పెద్దవాళ్ళు బాబాగారికి మొక్కే రోజులవి. రాస్తే శత్రువులు పుడతారని తెలుసు. తెలిసీ సంతకం పెట్టారు. ఆయనతో ఒప్పుకోనివాళ్ళు కూడా ఆ సంతకం ముందు ఆగొచ్చు. ఆగి, ఖర్చు ఏమిటో లెక్క వెయ్యొచ్చు. ఆయన 2005 జనవరి 31న పోయారు.

ఆయన పుట్టిన జూన్ 6వ తేదీనే మన జిల్లాలో ఇంకో పెద్దమనిషి కూడా పుట్టారు. 1891లో, మాలూరు తాలూకా మాస్తి ఊరి మనిషి. మాస్తి వెంకటేశ అయ్యంగార్. కన్నడ కథకు పెద్ద దిక్కు. 1983లో జ్ఞానపీఠం వచ్చింది. మైసూరు సంస్థానంలో పెద్ద అధికారి ఆయన. తనకంటే చిన్నవాణ్ణి తన మీద పెట్టారని రాజీనామా ఇచ్చి బయటికి వచ్చేశారు. కొందరు దీన్ని అభిమానం అంటారు, ధైర్యం అనరు. నేను ధైర్యమే అంటాను. నెల జీతం ఇంటికి తెచ్చేవాళ్ళకు ఆ కాగితం మీద సంతకం ఎంత బరువో తెలుసు. ఆయన ఆత్మకథ పేరు 'భావ'. మూడు సంపుటాలు.

ఖర్చు ఎవరు మోశారు అని అడిగితే ఒక్కోసారి పుస్తకంలో పక్కన నిలబడ్డవాళ్ళు ముందుకు వస్తారు. కందుకూరి వీరేశలింగం పంతులుగారి స్వీయచరిత్ర తీసుకోండి. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో ఆయన మొదటి వితంతు వివాహం చేయించారు. ఊరు మండిపడింది. వంటవాళ్ళు మానేశారు. నీళ్ళు తెచ్చేవాళ్ళు మానేశారు. మరి ఆ ఇంట్లో వంట ఎవరు చేశారు? గోదావరి నుంచి నీళ్ళు ఎవరు మోశారు? ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ. బిందె చంకన పెట్టుకుని వెళ్ళింది. పెళ్ళివారికి వండిపెట్టింది. సంస్కరణ అంటే మనకు ఉపన్యాసం గుర్తొస్తుంది. ఆ రోజు ఆ ఇంట్లో సంస్కరణ అంటే నీళ్ళు. నీళ్ళు లేకపోతే పెళ్ళి లేదు. ఈ పేజీ దగ్గర ఆగకపోతే పంతులుగారి ఒక్కరి ధైర్యమే కనిపిస్తుంది. ఆగితే ఇద్దరిది కనిపిస్తుంది. ఆడవాళ్ళు వింటుంటే వాళ్ళకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

మార్పు గురించి కూడా ఒక మాట. చింతామణి తాలూకా కైవారం తాతయ్యను తెలియనివాళ్ళు మనలో లేరు. అమర నారేయణ శతకం చెప్పిన తాతయ్య. తెలుగులోనూ కన్నడంలోనూ పాడినవాడు. మొదట గాజుల మలారం భుజాన వేసుకుని ఊరూరా తిరిగేవాడని చెప్తారు. తర్వాత యోగి అయ్యాడు. మనం ఆయన మహిమలు వింటాం, చెప్పుకుంటాం. ఒకసారి ఆ మలారం దగ్గర కూడా ఆగి చూడండి. ఆ గాజుల మీదే ఆ ఇల్లు గడిచేది. మలారం దించిన రోజు ఆ ఇంట్లో ఏమనుకుని ఉంటారు?

మళ్ళీ చెప్తున్నాను. నిర్ణయం ఇంకా కాని పేజీ దగ్గర ఆగండి. ఖర్చు ఏమిటి, ఎవరు మోస్తారు అని అడగండి.

ఇలా చదివితే మనకేం ఒరుగుతుంది? ఒక ఉదాహరణ చెప్తాను. మీ ఊరి పాల డెయిరీ అనుకోండి. కొలతలో తేడా ఉందని మీకు అనుమానం. అందరికీ ఉంది. ఎవరూ అడగడం లేదు. మీరు పుస్తకం చదివి ఆవేశంగా లేచి అడిగారనుకోండి. రేపు డెయిరీవాళ్ళు మీ పాలే నీళ్ళపాలు అనొచ్చు. మీ క్యాన్ పక్కన పెట్టెయ్యొచ్చు. అప్పుడు ఖర్చు ఎవరిది? తెల్లవారుజామున లేచి పాలు పిండే మీ ఇంటావిడది. ఆమెను అడగకుండా మీరు ధైర్యం చేస్తే, ఆ ధైర్యం సగం ఆమె సొమ్ముతో చేసినట్టు. అదే ముందు రోజు రాత్రి ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్నారనుకోండి. పక్కింటివాళ్ళనూ కలుపుకున్నారనుకోండి. పదిమంది కలిసి వెళ్ళి, మా ముందు కొలిచి చూపించండి అని అడుగుతారు. ఖర్చు పదిమంది మీద పడుతుంది. ఒక్కరు మొయ్యలేనిది పదిమంది మోస్తారు. స్త్రీశక్తి సంఘంలో లెక్కలు సరిగ్గా లేవని తెలిసినా ఇదే దారి. ఖర్చు ముందే చూసినవాళ్ళు వెనక్కి తగ్గుతారని కొందరి భయం. నేను చూసినంతలో, చూడనివాళ్ళే సగం దారిలో ఆగిపోతారు.

ఇక కేజీఎఫ్, అంటే కోలారు బంగారు గనుల సంగతి. దీన్ని చివరికి ఉంచుకున్నాను, ఎందుకంటే ఇక్కడే నాకు ఎక్కువ బాధ ఉంది.

1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చింది. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలగక ముందే ఇక్కడ గనులు కరెంటుతో నడిచాయి. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతు. ఇదంతా పుస్తకాల్లో ఉంది. ఇంజనీర్ల గురించి ఉంది, బంగారం గురించి ఉంది. ఆ లోతుకు దిగినవాళ్ళు ఆర్కాటు నుంచీ, సేలం నుంచీ, మన చిత్తూరు నుంచీ వచ్చిన కూలీలు. వాళ్ళు తమ నోటితో చెప్పుకున్న బతుకులు ఎన్ని అచ్చయ్యాయి? నాకు కనిపించినవి చాలా కొద్ది.

1930లో ఇక్కడ పెద్ద సమ్మె జరిగింది. కార్మికులందరి వేలిముద్రలు తీసుకుని రిజిస్టరులో ఎక్కించాలని కంపెనీ తలపెట్టింది. మేమేం దొంగలమా అని వేల మంది పని ఆపేశారు. ఆగండి ఇక్కడ. వాళ్ళు ఉండే లైన్లు, అంటే వరస ఇళ్ళు, కంపెనీవి. పని పోతే ఇల్లు కూడా పోతుంది. సొంత ఊళ్ళో భూమి లేదు, ఉంటే ఇంత దూరం వచ్చేవాళ్ళే కాదు. అలాంటప్పుడు వేలిముద్ర వెయ్యను అనడానికి ఎంత గుండె కావాలి? లైనులో బియ్యం డబ్బా అడుగంటుతుంటే, నువ్వు వెయ్యకులే అని చెప్పిన ఇల్లాలికి ఎంత గుండె కావాలి? ఆ ఇల్లాలి పేరు ఏ పుస్తకంలోనూ లేదు.

1946 నవంబరు 4న ఇక్కడే పోలీసు కాల్పుల్లో ఆరుగురు కార్మికులు చనిపోయారు. ఆ రోజును గుర్తు పెట్టుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఇప్పుడు ఆ ఇళ్ళలోని పిల్లలు చీకటితోనే లేచి రైలెక్కి బెంగళూరుకు పనికి వెళ్ళి, రాత్రికి తిరిగొస్తున్నారు. అదీ పోరాటమే. అదీ ఎవరూ రాయడం లేదు.

మనలాంటి ఇళ్ళ కథ పుస్తకం అవుతుందా అని మీకు సందేహం రావచ్చు. అవుతుంది. వై.బి. సత్యనారాయణ గారు రాసిన పుస్తకం ఒకటుంది. తెలుగులో 'మా నాయన బాలయ్య' పేరుతో పి. సత్యవతి గారు అనువదించారు. తెలంగాణలో ఒక దళిత కుటుంబం. రైల్వేలో చిన్న పనులు చేసుకుని బతికిన మూడు తరాల కథ. పిల్లల్ని చదివించి తీరాలని పట్టుబట్టిన తండ్రి కథ. రాసినాయన ప్రొఫెసర్ అయ్యారు. కానీ ఆ పుస్తకంలో ఎక్కువ చోటు ప్రొఫెసర్‌కు లేదు, ఖర్చు మోసిన తండ్రికి ఉంది. రైల్వే క్వార్టర్లకూ మన మైను లైన్లకూ పెద్ద తేడా లేదు. కేజీఎఫ్‌లో ఈ పుస్తకం చదివినవాళ్ళకు తమ తాతే కనిపిస్తాడు.

కాబట్టి మీ ఇంట్లో గనిలో దిగిన తాత ఉంటే, ఆయన్నే చదవండి. తాతా, మీ కష్టాలు చెప్పు అని అడిగితే ఏం చెప్తాడు? పడ్డాం లేరా అంటాడు. అక్కడితో అయిపోతుంది. ఒక రోజు పట్టుకుని అడగండి. సమ్మెలో చేరిన రోజుకు ముందు రాత్రి ఇంట్లో ఏం మాట్లాడుకున్నారు? లోపల బండ పగిలి పక్కవాడు పోయిన మర్నాడు మళ్ళీ గనిలోకి దించే కేజ్ ఎలా ఎక్కావు? వెళ్ళొద్దని ఎవరన్నారు? గని మూతపడ్డ నెల ఇంట్లో ఎవరు ఏం అమ్మారు? అప్పుడు ఆయన ఆగి ఆలోచిస్తాడు. అప్పుడు చెప్తాడు.

ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. ఫోనులో రికార్డు చేసినా సరే. తాత తమిళం కలిపి చెప్తే అలాగే రాసుకోండి, మీరు దిద్దకండి. షాఫ్టు పేరు, లైను పేరు, సంవత్సరం అడిగి రాయండి. సంవత్సరం గుర్తు లేకపోతే, అప్పటికి మీ నాన్న పుట్టాడా లేదా అని అడగండి, తేలుతుంది. ఒక్క పూటలో అంతా అడగొద్దు, ఆయన అలిసిపోతాడు. తాత చెప్పడం అయ్యాక అదే రోజు సంగతి అవ్వను విడిగా అడగండి. ఇద్దరినీ కలిపి అడిగితే ఆమె తాత మాటకు ఊఁ కొట్టి ఊరుకుంటుంది. ఆ నెల రేషన్ ఎక్కణ్ణించి వచ్చింది, ఎవరి దగ్గర అప్పు తెచ్చింది, ఏ కమ్మలు కుదువ పెట్టింది, ఇవన్నీ అడగండి. రెండింటినీ పక్కపక్క పేజీల్లో రాయండి.